కల్వర్టు మీద మరిచిన మూట

ఎనిమిదేళ్లుగా నేను ఐదు సేర్ల బియ్యం మోస్తున్నాను. మీకు నవ్వు రావచ్చు. ఐదు సేర్లు ఒక బరువా అని. నేనూ మొదట అలాగే అనుకున్నాను. బియ్యమే కదా అనుకున్నాను. ఆ ఒక్క మాట అనుకోకపోయి ఉంటే ఇవాళ ఈ కాగితం ముందు కూర్చునేవాణ్ణి కాదు.

నా పేరు చెప్పను. నా భార్యను ఇక్కడ స్వరూప అంటాను, అసలు పేరు అది కాదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే సంగతి ఇంతదాకా వచ్చేదా?

అప్పుడు నాకు డెహ్రాడూన్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. సీసా మీద రాసిందే సీసాలో ఉందా లేదా చూడటం నా పని. వరంగల్‌లో ఉన్న సామాను సగం అమ్మి, సగం పంచి, మిగిలింది మా పాత కారులో కుక్కి ఇద్దరమే బయల్దేరాం. రైల్లో పోవచ్చు. కానీ స్వరూపకు కుట్టుమిషను వదలబుద్ధి కాలేదు, నాకు కారు వదలబుద్ధి కాలేదు. నాలుగు రోజుల తోవ. పెళ్లయిన ఆరేళ్లకు మేమిద్దరమే అంత దూరం పోవడం అదే మొదటిసారి. ఆ సంతోషం కూడా ఉండింది, అది అబద్ధం కాదు.

బయల్దేరే ముందురోజు హసన్‌పర్తిలో స్వరూప వాళ్ల అన్న ఇంట్లో ఆమెకు ఒడిబియ్యం పోశారు. మా దగ్గర ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు చేసే మర్యాద అది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, ఒక రవిక బట్ట కొంగులో పోస్తారు. ఆమె వాటిని తన ఇంటికి తీసుకుపోయి వండుకుని, చుట్టుపక్కల ఆడవాళ్లను పిలిచి పెట్టాలి. స్వరూపకు తల్లిదండ్రులు లేరు. తండ్రి చిన్నప్పుడే పోతే అన్నే పెంచాడు, తల్లి అంతకు ముందు ఏడే పోయింది. అందుకని అన్నావదినలే పోశారు. ఆ బియ్యం స్వరూప అన్న, అంటే నా బావ సొంత పొలంలో పండినవి. స్వరూపకు వదిన అంటే నాకు వరసకు అక్క. ఆమె మూటను తనే ముడేసి నా చేతికిచ్చింది. బావ పక్కనే నిలబడి అందరి ముందూ నవ్వుతూ అన్నాడు, "పైలం బావా. నీకు ఏది ఏడ పెడ్తవో యాదుండదు."

నా మతిమరుపు మా చుట్టాలందరికీ ఓ వేడుక. ఆ రోజు నేనూ నవ్వాను. లోపల మాత్రం కాలింది.

మంచిర్యాల దాటాక స్వరూప కిటికీలోంచి చూస్తూ, "అమ్మ కమ్మల ముచ్చటే ఎత్తలే వదిన," అంది. వాళ్లమ్మ బతికుండగా చెవి కమ్మలు చూపించి ఇవి నా బిడ్డవే అనేదట. అడగడానికి స్వరూపకు మనసొప్పలేదు. తల్లి సొమ్ము నోరు తెరిచి అడిగే ఆడపిల్ల కాదు ఆమె. "పోనియ్," అన్నాను.

ఆ రాత్రి నాగపూర్‌లో ఆగాం. మర్నాడు పొద్దున అడవి తోవలో టైరు పంక్చరయింది. స్టెపినీ డిక్కీలో అడుగున ఉంది. సామానంతా తీసి రోడ్డు వారన పెట్టాను. స్వరూపకు తలనొప్పి. అయినా మూట నా చేతిలో చూసి, "ఒడిబియ్యం కింద పెట్టొద్దు," అంది. నిజమే, నేల మీద పెట్టకూడదు. కొంచెం అవతల కల్వర్టు గోడ ఉంటే అక్కడిదాకా నడిచి, జాగ్రత్తగా దాని మీద పెట్టి వచ్చాను. మర్యాదగా, విడిగా. మిగతా సామానంతా నేల మీద ఒక్కచోట ఉంది కాబట్టి మళ్లీ కారెక్కింది. అది మాత్రం గోడ మీద ఉండిపోయింది.

సివనీ అనే ఊళ్లో చాయ్ కోసం ఆపి, నీళ్ల సీసా తీద్దామని డిక్కీ తెరిచినప్పుడు తెలిసింది. అప్పటికి యాభై కిలోమీటర్లు వచ్చేశాం. స్వరూప గోలీ వేసుకుని, చున్నీ మొహం మీద కప్పుకుని ముందు సీట్లో నిద్రపోతోంది.

ఎందుకు వెనక్కి తిప్పలేదు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. ఆమెకు ఒంట్లో బాగాలేదు అని చెప్పుకున్నాను. జాయినింగ్‌కు ఆలస్యమవుతుంది అని చెప్పుకున్నాను. రెండూ సాకులే, రెండు గంటల్లో పోయి రావచ్చు. అసలు సంగతి, వెనక్కి తిప్పితే ఆమెను లేపాలి, లేపితే చెప్పాలి, చెబితే ఆ సాయంత్రమే ఫోన్లో హసన్‌పర్తికి తెలుస్తుంది, బావ మళ్లీ నవ్వుతాడు. ఆ నవ్వుకు భయపడ్డాను. అంత చిన్న మనిషిని నేను. బియ్యమే కదా, ఎక్కడైనా దొరుకుతాయి కదా అనుకుని పక్కనున్న కిరాణా కొట్టుకు నడిచాను.

బియ్యం కొన్నాను. పసుపు కొన్నాను. ఎండుకొబ్బరి చిప్పలు, ఖర్జూరాలు కొన్నాను. డిక్కీ మూత చాటున ప్లాస్టిక్ కవర్లో పోసి చేత్తో కలిపాను. కలుపుతుంటే స్వరూప లేచి దిగి వచ్చింది. నా చేతులు మోచేతి దాకా పసుపు. మూట ముడి విడిపోయి బియ్యం డిక్కీ అంతా ఒలికిపోయాయని, ఎత్తి కవర్లో పోస్తున్నానని చెప్పాను. పసుపు చేతులే నాకు సాక్ష్యం చెప్పాయి. మూటగుడ్డ, రవిక బట్ట ఏవని అడిగింది. టైరు మరకలైతే పారేశానన్నాను. "వదిన పెట్టిన రైకబట్ట పారేస్తవా?" అని చాలాసేపు అలిగి కూర్చుంది. అలకతో పోయిందిలే అని నేను లోపల సంతోషించాను.

కొత్త ఇంట్లో మూడో రోజున ఆ బియ్యం వండింది. బియ్యం చేతిలోకి తీసుకుని, "మనవి గింత పొడుగున్నయా?" అంది. పసుపు పట్టి అలా కనిపిస్తున్నాయన్నాను. నమ్మింది. నా మాట నమ్మడం ఆమెకు అలవాటు. భాష రాకపోయినా సైగలతోనే పక్క ఇళ్ల ఆడవాళ్లను ఐదుగురిని పిలిచి బొట్టు పెట్టి వడ్డించింది. అందరూ పోయాక మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. "మా అన్న బియ్యం," అంది. నేను తలొంచుకుని తిన్నాను. ఉద్యోగంలో ఒక్క తప్పు లేబుల్ కూడా దాటనివ్వలేదు నేను. ఇంట్లో మాత్రం తప్పు లేబుల్ అంటించి పెళ్లానికి వడ్డించాను.

కథ అక్కడితో ఆగి ఉంటే, ఇది తప్పే అయినా చిన్న తప్పు. ఏ ముసలితనంలోనో చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. ఆగలేదు. నాలుగు రోజుల తర్వాత అక్క నాకు ఫోన్ చేసింది. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. మతిమరుపు మనిషినే, కానీ ఇవి మాత్రం పోవు.

"తమ్మీ, స్వరూప ఒడిబియ్యం వండుకున్నదా?"

"వండుకున్నదక్కా. ఐదుగురిని పిలిచింది."

"మంచిగైంది. రైకబట్ట కొసకు అత్తమ్మ కమ్మలు ముడేసి పెట్టిన. తొవ్వల బంగారం ఉన్నదని తెలిస్తే ఫికర్‌తోని నిద్రపోదు, ఇంటికి పోయినంక అదే చూసుకుంటదని మీ బావ చెప్పనియ్యలే. చూసుకున్నదా?"

వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. చెప్పడానికి అదే సమయం. అక్కా, మూట పోయింది, నా తప్పే, అని మూడు ముక్కలు. నోరు తెరిచాను.

"చూసుకున్నదక్కా."

"ఏమన్నది?"

"ఏడ్చింది. సంబురానికి."

అవతల అక్క ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. "జర తీరినంక ఫోన్ చెయ్యమను. తొందరేం లేదు."

ఏడ్చిందని ఎందుకు చెప్పాను? అడగని దానికి కూడా అబద్ధం ఎందుకు కల్పించాను? అబద్ధం నిలబడాలంటే కొంచెం కన్నీళ్లు కలపాలని నాకు ఎవరు నేర్పారు?

స్వరూప ఫోన్ చేసేది. పొలం గురించి, అన్న కూతురి చదువు గురించి మాట్లాడేది. కమ్మల మాట ఎత్తేది కాదు. అవతల అక్క ఆ మాట కోసమే ఎదురుచూసేది. ఇచ్చినవాళ్లు అందిందా అని అడగరు, రావలసినవాళ్లు ఏవీ అని అడగరు. ఇద్దరి మర్యాదల నడుమ నేను క్షేమంగా ఉన్నాను.

రెండేళ్లకు ఒక చుట్టాల పెళ్లిలో స్వరూప ఎవరితోనో, "అమ్మ కమ్మలు ఎవరి చెవులకు పోయినయో," అంది. మాట మోసేవాళ్లకు కరువా? హసన్‌పర్తికి చేరింది. "చేతికిచ్చినంక కూడా లేదన్నోళ్లతోని ఏం మాట్లాడుతం," అని అక్క అన్నదట. అది తిరిగి స్వరూపకు చేరింది. ఆమె నా ముందుకొచ్చి నిలబడి, "ఇచ్చిందట! నీకేమన్న ఇచ్చిందా?" అని సూటిగా అడిగింది. ఆ రోజు కూడా నాకు అవకాశం దొరికింది. "నాకేం తెల్సు," అన్నాను.

దానికంటే నీచమైనది ఇంకొకటి ఉంది. దాన్ని దాచి మిగతాది చెబితే ఇది ఒప్పుకోలు కాదు. బావ ఫోన్ చేసి, "ఏం బావా, నా చెల్లె గట్లెందుకన్నది?" అని అడిగాడు. కోపంగా కాదు, బతిమాలినట్టే అడిగాడు. "ఆమె సంగతి నీకు తెలువదా," అన్నాను. అంతే అన్నాను. ఆ మాటతో నా తప్పు తీసి నా భార్య తల మీద పెట్టాను. తనను పెంచిన అన్న దృష్టిలో ఆమెను దొంగను చేశాను. ఆ తర్వాత రెండిళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి.

ఒకసారి ఆఫీసు పని అని చెప్పి నాగపూర్ దాకా పోయి, బస్సెక్కి ఆ అడవి తోవలో దిగాను. ఏ కల్వర్టో గుర్తుపట్టలేకపోయాను. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఎవరైనా తీసుకుని వండుకుని ఉంటారు. తిననీ. కమ్మలు ఏ చెవులకో ఉంటాయి. ఉండనీ. నాకు కావలసింది కమ్మలు కాదని అక్కడ నిలబడ్డప్పుడే తెలిసింది. అవి దొరికినా ఏమని ఇచ్చేవాణ్ణి?

రెండేళ్ల క్రితం తిరిగి వచ్చేశాం. ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాం. బావ ఇల్లు ఇక్కడికి అరగంట తోవ. బస్సు హసన్‌పర్తి మీదుగా పోతే స్వరూప ఆ వైపు కిటికీ దగ్గర కూర్చోదు. బతుకమ్మ పండక్కి పుట్టింటికి పోదు, మా గల్లీలోనే ఆడుతుంది. ఆడినంతసేపూ బాగానే ఉంటుంది. ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాక ఏడుస్తుంది. నేను మంచినీళ్లు తెచ్చిస్తాను. నాకంటే బాగా ఓదార్చే భర్త లేడని ఆమె చెల్లెలి వరసవాళ్లకు చెబుతుంది.

నిన్న బావ కూతురి పెళ్లి పత్రిక వచ్చింది. మనిషి రాలేదు, ఎవరితోనో పంపారు. మేనత్త లేకుండా ఆ పిల్ల పెళ్లి కాబోతోంది. స్వరూప పత్రిక చదివి, పేర్ల మీద వేలు పెట్టి చూసి, మడిచి నా చేతికిచ్చింది.

"నువ్వొక్కనివే పోయిరా. మా అమ్మ కమ్మలు ఆ పిల్ల చెవులకు ఉన్నయేమో జర చూసి రా. ఉంటే ఏమనకు. మంచిగున్నయా లేవా, అదొక్కటి చెప్పు చాలు."

ఆమె గొంతులో కోపం లేదు. అదే నన్ను చంపింది. కోపం ఉంటే ఇంకో ఎనిమిదేళ్లు దాచేవాణ్ణేమో.

అందుకే రాస్తున్నాను. మీరు క్షమిస్తారని కాదు, అది మీ చేతిలో లేదు. రేపు ఆమెకు చెబుతానా? చెబుతానని రాయాలని ఉంది. కానీ సివనీ నుంచి ఇప్పటిదాకా నా మాట ఎంత గట్టిదో మీరే చూశారు. ఆశ పెట్టను.

ఒక్కటి మాత్రం రాస్తాను. కమ్మలు అక్క ఇచ్చింది. స్వరూపకు అందలేదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మూట నేను మరిచాను, మిగతాదంతా తెలిసే చేశాను.

ఇంత రాసేసరికి చెయ్యి నొప్పి పుట్టింది. పది పేజీలు కూడా కాలేదు. ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆ బియ్యం కాసేపు కింద పెట్టాను.