మావ ఎంచిన టెలిస్కోపు

మా మావకి కుడికన్ను అప్పటికే పోయింది. ఎడమకన్ను కూడా నీటికాసుల వల్ల పోతోందనీ, పోయిన చూపు మళ్లీ రాదనీ డాక్టరు చెప్పారు. తిరిగొస్తుంటే బస్సులో మావ ఒక్కటే అడిగాడు.

"అల్లుడా, సెందమామని ఓపాలి దగ్గరగా సూడాలని ఉన్నాది."

నలభై ఏళ్లు చుక్కల్ని చూసి పడవని ఒడ్డుకి చేర్చిన మనిషి. సరేనన్నాను. బాధ పడాల్సింది, నాకేమీ అనిపించలేదు. విజయనగరంలో కాలేజీ ల్యాబు ఉద్యోగం పోయి, అత్తవారి ఊరు చేరిన దగ్గర్నుంచీ నాకు ఏదీ తగిలేది కాదు. కూర చప్పగా ఉన్నా, ఉప్పుకషాయంలా ఉన్నా తినేసేవాణ్ణి.

కొత్త టెలిస్కోపు కొనే స్తోమత లేదు. కొత్తవలసలో రిటైరైన లెక్చరరొకాయన తన పాతవి రెండు అమ్ముతున్నారంటే మావని తీసుకుని రైల్లో వెళ్లాను. ఒకటి పొడుగాటి గొట్టం, సన్నటి మూడుకాళ్ల స్టాండు. ఆరువందల రెట్లు పెద్దగా చూపిస్తుందని పెట్టె మీద రాసి ఉంది. రెండోది పొట్టిగా, లావుగా, గొట్టం అడుగున అద్దంతో ఉంది. దాన్ని స్టూలు మీద పెట్టుకోవాలి. నా మనసు ఆ అంకె మీదే ఉంది. మావ ఏ గొట్టంలోకీ చూడలేదు. పడవ కొనేవాడు ఊపి చూసినట్టు రెండింటినీ ఓ తట్టు తట్టాడు. పొడుగుది చాలాసేపు వణికింది.

"ఇది ఊగుతాంది. ఊగేదాన్తో ఏటి సూస్తావు? ఎంత పెద్దగా సూపిస్తే ఊగుడూ అంత పెద్దదవుతాది."

ఆ సంగతి తెలియడానికి తనకి రెండేళ్లు పట్టిందని లెక్చరరుగారు నవ్వారు. పొట్టిదే తీసుకున్నాం. నా డిగ్రీ చేపలు చుట్టడానికైనా పనికొస్తుందా అని ఆమదాలవలసలో రైలు దిగేదాకా మావ నన్ను ఏడిపించాడు.

ఆ సాయంత్రమే ఇసుకలో స్టూలు వేశాం. మబ్బు విడలేదు. ఉప్పుగాలికి జిడ్డుగా అయిన టెలిస్కోపుని తెచ్చి అరుగు మీద పెట్టాం.

పొద్దున్న నేను లేచేసరికి నా భార్య దాన్ని కడుగుతోంది. వాళ్లింట్లో ఒడ్డు నుంచి ఏదొచ్చినా, వలైనా ఇంజనైనా, మంచినీళ్లతో ఉప్పు వదలగొట్టాల్సిందే. గొట్టంలో నీళ్లు పోసి, చెయ్యి దూర్చి, అడుగునున్న అద్దాన్ని కొబ్బరిపీచుతో తోమింది.

"ఎంత ఉప్పు పట్టిందో! ఇప్పుడు సూడు," అంది సంతోషంగా.

ఆ అద్దం మీది పూతని మెత్తటి గుడ్డతో కూడా ముట్టుకోవద్దని లెక్చరరుగారు నాకు చెప్పారు. ఇంట్లో చెప్పాల్సింది నేను. చెప్పలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? కోపం వస్తుందేమోనని చూశాను, అదీ రాలేదు.

సాయంత్రం ఆకాశం తేటగా ఉంది. గొట్టాన్ని చంద్రుడి వైపు తిప్పాను. మావ ఎడమకన్ను ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"నానా, కనబడతాందా?" పక్కనే నిలబడి నా భార్య అడిగింది.

"కనబడతాందమ్మా. శానా బావున్నాది."

తర్వాత నేను చూశాను. గంజి పోసినట్టు తెల్లటి మసక, అంతే. తల ఎత్తేసరికి మావ మొహం నా వైపే తిరిగి ఉంది.

"నాకూ సూపించు," అంటూ ఆమె ముందుకొచ్చింది. మావ గొట్టం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"రేపు సూద్దువులే అమ్మా. మంచు దిగతాంది, పాడైపోతాది. అల్లుడా, మూత పెట్టీ."

ఆమె ఇంట్లోకి వెళ్లింది. నేను మూత పెట్టాను. అప్పుడొచ్చింది ఏడుపు. మావ చూపు ఆనని మనిషే కదా అని తుడుచుకోలేదు.