కార్డు ఊర్ల ఉంది, పరేషాన్ ఈడుంది

సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసే ధ్యాన కేంద్రానికి ఒకావిడ వచ్చింది. ఆర్నెల్లుగా కంటి మీద కునుకు లేదట. తెల్ల రేషన్ కార్డు చూపిస్తే సగం ఫీజే అన్నాను.

"కార్డు నల్గొండ కాడ మా ఊర్ల ఉంది సార్. పరేషాన్ ఈడుంది."

ఊరెళ్లి తెచ్చుకోమందామంటే తెలంగాణ కోసం సమ్మె, బస్సులు తిరగడం లేదు. రూలు మార్చడం నా చేతుల్లో లేదు. ఆమె బయట మెట్ల మీద కూర్చుని, తెరిచిన కిటికీలోంచి వినిపిస్తున్న గురువుగారి మాటలకు కళ్లు మూసుకుంది.

ఇంతలో రోడ్డు మీద ఊరేగింపు, జై తెలంగాణ నినాదాలు. లోపల ప్రశాంతత పాడవుతోందని మేనేజర్ నా మీద అరిచాడు.

కిటికీ మూశాను. అద్దం అవతల ఆమె కళ్లు తెరిచింది.

మీరైతే ఏం చేసేవారు?