కిటికీలో గవ్వల తొట్టె

హార్లింగన్ రేవులో దీవులకు పోయే పడవ టికెట్లు ముప్పై ఏళ్లు అమ్మింది రెన్స్కె. ఆ ఉద్యోగంలో ఆమెకు నచ్చిన పని ఒక్కటే. పెట్టెలు ఈడ్చుకుంటూ రొప్పుతూ వచ్చినవాళ్లకు అద్దం వెనకనుంచి "పడవ వెళ్లిపోయిందండీ, వేళలు గోడమీద రాసే ఉన్నాయి" అని చెప్పడం. రిటైరైతే ఆ నోటికి పని తగ్గుతుందని ఊళ్లో కొందరు ఆశపడ్డారు. అంత అదృష్టం ఎక్కడిది? ఆమెకు ఉప్పునీటి చేపలు పెంచే పిచ్చి ఉంది. అదే పిచ్చి ఉన్నవాళ్లు ఊళ్లో ఇంకో పదిమంది ఉన్నారు.

వాళ్లలో ఎవరి చేప చచ్చినా రెన్స్కెకే ఫోన్ చేసేవారు. పని తెలిసిన మనిషి ఆమె ఒక్కతే, ఏం చేస్తారు పాపం. ఆమె అయ్యో అనేది కాదు. "కొత్తదాన్ని విడిగా ఎన్నాళ్లుంచావ్?" అని మాత్రం అడిగేది.

రొట్టెల కొట్టు డుర్క్ ఒకసారి మూడు కొత్త చేపలను సంచిలోంచి తిన్నగా పెద్ద తొట్టెలోకి వదిలాడు. తెల్లమచ్చ తెగులు పట్టుకుని, మూడు వారాలు తిరిగేసరికి తొట్టె ఖాళీ అయింది.

"చూడ్డానికి బాగానే ఉన్నాయక్కా," అన్నాడు.

"చూడ్డానికి నువ్వూ బాగానే ఉన్నావు. లోపల బుర్రుందని ఎవరైనా చెప్పగలరా?"

బుద్ధొచ్చి డుర్క్ కొత్తచేపను విడిగా ఉంచే క్వారంటైన్ తొట్టె పెట్టాడు. పెట్టినవాడు ఊరుకోక, చేప బెంగపడుతుందని అందులో గవ్వలూ పగడపు రాయీ వేశాడు. నీళ్లలో రాగి మందు పాళ్లు తగ్గకుండా నెలరోజులు ఉంటేనే ఆ తెగులు పురుగు చస్తుంది. గవ్వలు ఆ రాగిని పీల్చేసుకుంటాయి. "రెండు గవ్వలకి ఏమవుతుందక్కా" అన్నందుకు ఏడాదిపాటు ఊళ్లో చేపలు పెంచేవాళ్ల క్లబ్బులో అందరిముందూ అతన్ని గవ్వల డుర్క్ అనే పిలిచింది.

ఇంట్లో ఆమె తిట్టని ప్రాణి ఒక్కటుంది. పందొమ్మిదేళ్ల క్లౌన్ ఫిష్, నారింజరంగు మీద తెల్లపట్టీలది. ముసలోడు అని పిలిచేది. పొద్దున ఆమె కాఫీ కప్పుతో కుర్చీలో కూర్చోగానే వాడు అద్దం దగ్గరకు వచ్చి నిలబడేవాడు. వాడికి తెగులు తగలకూడదనే ఆమె జాగ్రత్తలన్నీ.

ఏప్రిల్లో ఆమె పసుపుపచ్చ టాంగ్ చేపను కొంది. క్వారంటైన్ తొట్టె పద్ధతిగానే పెట్టింది. వట్టి గాజుపెట్టె, అడుగున ఇసుక లేదు. చేప దాక్కోవడానికి రెండు ప్లాస్టిక్ పైపు ముక్కలు, ఒక స్పాంజి ఫిల్టరు, ఒక హీటరు. బకెట్టు వేరు, వల వేరు. రాగి పాళ్లు రోజూ కొలిచింది. పెద్ద తొట్టెకు దూరంగా ఉండాలి, నిట్టనిలువు మెట్ల మీద పైకి నీళ్లు మోయడానికి మోకాళ్లు సహకరించవు. అందుకని వీధివైపు కిటికీ గట్టుమీద పెట్టింది.

ఆ వీధిలో కిటికీ అంటే మాటలా? పరదాలు ఎప్పుడూ తీసే ఉండాలి, గట్టుమీద జంట కుండీలో జంట దీపాలో ముచ్చటగా ఉండాలి. పగటిపూట పరదా వేస్తే ఆ ఇంట్లో ఎవరో పోయారనుకుంటారు, లేదా దాచుకోవలసిన బాగోతం ఏదో ఉందనుకుంటారు. ఎదురింటి యిక్కె చక్కెర రొట్టె పట్టుకుని వచ్చింది.

"ఏంటే రెన్స్కే, కిటికీలో ఆ పైపులు? డ్రైనేజీ బాగుచేయిస్తున్నావా?"

"చేపకి ఆస్పత్రి వదినా. నెల్రోజులు."

"ఆహా," అంది యిక్కె. రొట్టె చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆ ఆహాతో రెన్స్కెకు రెండు రోజులు ముద్ద దిగలేదు. మూడోరోజు పోస్టుమాన్ కూడా తొట్టెవైపు ఒక చూపు చూసి పోయాడు. ముప్పై ఏళ్లు అద్దం వెనక కూర్చుని జనాన్ని కొలిచిన మనిషికి, జనం తనను కొలుస్తున్నారనేసరికి ఒళ్లంతా తేళ్లూ జెర్రులూ పాకినట్టయింది. బీరువాలోంచి పాత గవ్వలూ తెల్లటి పగడపు రాయీ తీసి తొట్టెలో అమర్చింది. "రెండు గవ్వలకి ఏమవుతుందిలే," అని పైకే అనుకుంది. ఆ మాట ఎవరిదో ఆమెకు గుర్తురాలేదంటే నమ్మకండి. గుర్తొచ్చింది, పక్కకు నెట్టింది.

ఆ రోజునుంచి రాగి కొలవడం మానేసింది. కొలిస్తే గవ్వలు తీయాలి. తీస్తే యిక్కె మళ్లీ ఆహా అంటుంది.

నెల గడిచింది. టాంగ్ రోజంతా రాయి చాటునే ఉండేది. ఒంటిమీద ఏముందో సరిగ్గా చూసే వీల్లేకపోయింది. ముప్పై రోజులంటే ముప్పై రోజులే అనుకుని దాన్ని పెద్ద తొట్టెలోకి మార్చింది. పన్నెండో రోజు ముసలోడి రెక్కలమీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు కనిపించాయి.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంది. గవ్వలూ రాయీ పారేసి, తొట్టె కడిగి, కొత్త నీళ్లూ మందూ పోసి, చేపలన్నిటినీ అందులోకి తెచ్చింది. కుర్రచేపలు తట్టుకున్నాయి. నాలుగోరోజు ఆమె కాఫీ కప్పుతో వచ్చి కూర్చుంటే ముసలోడు అద్దం దగ్గరకు రాలేదు. పైపు ముక్కలో ఒరిగిపోయి ఉన్నాడు.

సంగతి విని డుర్క్ ఫోన్ చేశాడు.

"విడిగా ఎన్నాళ్లుంచావక్కా?"

"ముప్పై రోజులు."

"మరి?"

"గవ్వలు వేశాను."

అవతల రొట్టెల పొయ్యి తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"నవ్వరా," అంది ఆమె. "నీకా హక్కుంది."

"ముసలోడు మంచోడక్కా," అని పెట్టేశాడు. వెధవ, నవ్వినా బాగుండేది.

సాయంత్రం యిక్కె రొట్టె పట్టుకుని వచ్చి కిటికీ దగ్గర నిలబడింది.

"గవ్వలు తీసేసి మళ్లీ ఖాళీగా పెట్టావు, మంచిపని చేశావే. మొదట్లో మా బల్ల దగ్గర కూర్చుంటే ఆ పచ్చచేప తిరగడం ఎంచక్కా కనిపించేది. నాకదే కాలక్షేపం. నువ్వా గవ్వలు పెట్టావు, చేప కనబడకుండా పోయింది."

"పైపులు చూసి డ్రైనేజీ అన్నావుగా వదినా?"

"అన్నానా?" అంది యిక్కె. "ఏమో, గుర్తులేదు. చాకేదీ, రొట్టె కోద్దాం."