సన్నమ్మను మేపిన వైనం

ఒక పిల్లిని లావు చేయబోయి మా జేజి ప్రాణం మీదికి తెచ్చిన ఘనుణ్ని నేను. జేజి అంటే మా వైపు నాయనమ్మ. నవ్వదలచుకున్నవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. నేనేమీ అనుకోను, మా ఊరివాళ్ళు ఆరేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు.

ముందు నా గొప్ప కొంచెం చెప్పుకోవాలి. లేకపోతే నేను పడ్డ గోతి లోతు మీకు తెలియదు. కంబదూరు చుట్టుపక్కల పొట్టేళ్ళు మేపడంలో నన్ను మించినవాడు లేడని అందరూ ఒప్పుకున్నారని నేను అనుకునేవాణ్ని. వానలు మొహం చాటేసి చేలన్నీ ఎండిపోయినా, మా ఇంటి ముందు కట్టేసిన పొట్టేళ్ళు మాత్రం నిగనిగలాడేవి. కిటుకంతా ముద్దల్లో ఉంది. నూనె తీయగా మిగిలిన వేరుశనగ చెక్క నానబెట్టి, రాగిపిండి, బెల్లం కలిపి, నిమ్మకాయంత ముద్దలు చేయాలి. పొట్టేలును మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, దవడ పక్కనుంచి వేలితో ముద్దను లోపలికి తోసి, మింగేదాకా గొంతు నిమరాలి. పొద్దున ఇరవై, సాయంత్రం ఇరవై. వద్దనడానికి దానికి నోరు ఖాళీ ఉండదు.

ఆ ఏడు ఎండాకాలం అమ్మా నాయనా బెంగుళూరుకు కట్టడం పనికి పోయారు. ఇంట్లో జేజీ, నేనూ మిగిలాం. జేజి అప్పుడే జ్వరం పడి లేచింది. అమ్మ రోజూ ఫోన్ చేసి ఒకటే మాట: "ఆయమ్మ బో చిక్కిపోయిందిరా. మూడు పూటలా దగ్గరుండి పెట్టు. నీ మీద వదిలి వచ్చినా."

సరిగ్గా అప్పుడే ఆ పిల్లి వచ్చింది. ఆరేడు నెలల కూన. ఎముకలగూడు మీద బూడిదరంగు బొచ్చు పరిచినట్టుంది. గోడ దిగి వచ్చి తిన్నగా జేజి కొంగు మీద పడుకుంది. జేజి దానికి సన్నమ్మ అని పేరు పెట్టింది.

మా జేజికి ఒక పట్టింపు ఉంది. ఇంట్లోని జీవాలన్నీ తిన్నాకే తను కంచం ముందు కూర్చుంటుంది. కొత్త కోడలుగా వచ్చిన నాటినుంచీ అదే వరస. ఇన్నేళ్ళూ ఇబ్బంది రాలేదు, ఎందుకంటే ఎద్దు గానీ, మేక గానీ, కోడి గానీ మేత చూసి వద్దన్న పాపాన పోలేదు. సన్నమ్మ అలా కాదు. పాలు పెడితే వాసన చూసి, వెనక కాలు విదిలించి వెళ్ళిపోయింది. గుడ్డు పెడితే ఆడుకుంది. సంగటి పెడితే, దాని చుట్టూ నేలను గీరి మట్టి కప్పబోయింది. జేజి చేతి సంగటికి పుట్టి బుద్ధెరిగి అంత అవమానం జరగలేదు.

"తినిందా?" అని లోపలినుంచి జేజి.

"తినల్యా జేజీ."

"అట్లయితే నాకూ వద్దు."

"దానికీ నీకూ ఏం సంబంధం జేజీ? నువ్వు తిను."

"నోరులేని జీవం కడుపు మాడ్చుకోని ఉంటే నేను తినాల్నా? నాకు గొంతు దిగుతాదా?"

నేను బతిమాలితే రెండు మెతుకులు కతికి చేయి కడిగేది. వారం తిరిగేసరికి ఆమె గాజులు మోచేతిదాకా జారడం మొదలుపెట్టాయి. అప్పుడు నాకు దిగులు పట్టుకుంది. ఈ పిల్లి తింటే తప్ప మా జేజి తినదు, జేజి తినకపోతే మా అమ్మకు నేను మొహం చూపించలేను.

దిగులు పడ్డవాడు తెలిసినవాళ్ళను అడగాలి. నేను అడగలేదు. అన్నీ తెలిసినవాణ్ని నేనే కదా! పక్కింటి తిమ్మన్న అరుగు మీద కూర్చుని శపథం చేశాను.

"నెల తిరిగేలోపల సన్నమ్మను కుందేలంత చేస్తా చూడన్నా."

"ఎట్ల చేస్తావప్పా?"

"ముద్దలు పెడతా."

"పొట్టేలు ముద్దలా? అది పిల్లి గదప్పా!"

"ఏ జీవమైతే ఏమన్నా, కడుపు కడుపే గదా?"

ఈ ఆణిముత్యాన్ని రాసి నా వీపుకే అంటించుకోవాలి.

మర్నాడు పొద్దున్నే చెక్క నానబెట్టాను. పిల్లి చిన్నది కాబట్టి రేగుపండంత ముద్దలు చేశాను. చూడండి, తెలివి లేకపోలేదు. సన్నమ్మను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, దవడ పక్కన వేలు పెట్టి మొదటి ముద్ద తోశాను. ఆశ్చర్యం, లోపలికి పోయింది! మురిసిపోయి గొంతు నిమిరాను. సన్నమ్మ తలెత్తి నా కళ్ళలోకి చూసింది.

ఆ తర్వాత ఏది ముందు, ఏది వెనక అన్నది నేను సరిగ్గా చెప్పలేను. ముద్ద తిరిగి వచ్చి నా ముక్కు మీద పడింది. వేలికి పళ్ళు దిగాయి, లుంగీ నిలువునా చిరిగింది. పిల్లి నా తొడ మీదినుంచి భుజం, భుజం మీదినుంచి నెత్తి ఎక్కి నాలుగు కాళ్ళ గోళ్ళూ పాతింది. నేను అరుస్తూ లేచి చెక్క నానబెట్టిన గంగాళాన్ని తన్నాను. ఆ వాసన తగిలి బయట మా పెద్ద పొట్టేలు తాడు తెంచుకుని లోపలికి దూసుకొచ్చింది. దాని దెబ్బకు నీళ్ళకుండ పగిలింది. నెత్తిన పిల్లితో, కాళ్ళ దగ్గర పొట్టేలుతో, ముక్కు మీద బెల్లంతో బురదలో జారి కూర్చున్నాను.

వాకిట్లోనుంచి తిమ్మన్న అడిగాడు: "ఏమప్పా, ఎవరు ఎవర్ని మేపుతాండారు?"

సన్నమ్మ ఒక్క దూకున గోడెక్కి అవతలికి పోయింది. ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు.

జేజి ఈసారి బతిమాలినా కంచం వైపు చూడలేదు. "నీడకని వచ్చిన జీవాన్ని తరిమితివి గదరా. అది యాడుండాదో, ఏం తినిందో. నాకు బువ్వ వద్దు పో" అని గోడవైపు తిరిగి పడుకుంది. గుక్కెడు మజ్జిగ మాత్రం తాగింది. అమ్మ ఫోన్ చేసి "జేజి తినిందా?" అంటే "తినిందిమా" అన్నాను. నా గొప్పలకు పోయి జేజిని పోగొట్టుకుంటానేమోనని నిజంగా ఏడుపొచ్చింది.

పళ్ళెం గరిటెతో వాయిస్తూ ఊరంతా తిరిగాను. మూడో రోజు బస్సెక్కి పశువుల ఆసుపత్రికి పోయాను. డాక్టరమ్మ నా మొహం మీది గీతలన్నీ తీరిగ్గా చూసింది.

"పిల్లి ఏదప్పా?"

"పారిపోయినాది మేడం."

"మరి మందు ఎవరికియ్యాల? నీకా?"

జరిగిందంతా చెప్పాను. ఆమె నవ్వాపుకోలేక రిజిస్టరు అడ్డం పెట్టుకుంది. తర్వాత నవ్వు మానేసి గట్టిగానే మందలించింది.

"పిల్లికి చెక్క పెడతారా ఎవరన్నా? అది మాంసం తినే జీవం. కోడి కార్జం ఉడకబెట్టి, చిన్న ముక్కలు చేసి, గోరువెచ్చగా, కొంచెం కొంచెంగా పెట్టు. ఉప్పూ కారం వెయ్యొద్దు. దొరికితే తీసుకురా, కడుపులో పురుగులు పోయేదానికి మందు ఇస్తా. ముఖ్యంగా, పెట్టినాక పక్కకు పో. నెత్తిమీద నిలబడితే నువ్వయినా తింటావా?"

అన్నీ తలకెక్కించుకున్నాను, ఆ చివరిది తప్ప. కార్జం కొనుక్కుని ఇంటికొచ్చేసరికి వాకిట్లోనే కాళ్ళు ఆగిపోయాయి. సన్నమ్మ తిరిగొచ్చింది! తిమ్మన్న ఇంట్లో కోడిని కోశారట, ఉడికిన ముక్కలు కొన్ని కారం వేయకముందే గిన్నెలో పంపారు. జేజి గడపలో కూర్చుని, కంచం ముందు పెట్టుకుని, పక్కన ఆకులో రెండు ముక్కలు వేసి, ఎటో చూస్తోంది. సన్నమ్మ ఒక ముక్క తింది. జేజి ఒక ముద్ద తింది. సన్నమ్మ ఇంకొకటి, జేజి ఇంకొకటి.

నా కడుపు నిండిపోయింది. ఆనందం పట్టలేక పెద్దగా అరుస్తూ పరుగెత్తాను. "జేజీ! తింటాండాది! తింటాండాది!"

పిల్లి గోడ మీద తేలింది. జేజి చేతిలోని ముద్ద కంచంలో పడింది.

"ఒరే! నిమ్మళంగా తింటాంటే మళ్ళా వస్తివా! నడువ్ బయటికి!"

ఆ రోజునుంచి కార్జం ఉడికించి ఇచ్చేవరకే నా పని. తినే వేళకు నన్ను వీధిలోకి తోలి జేజి తలుపేసేది. ఆమే సన్నమ్మను ఆసుపత్రికి ఎత్తుకుపోయి, మందు తెచ్చి, ముక్కలో పెట్టి మింగించింది. నేను తిమ్మన్న అరుగు మీద కూర్చుని లోపల ఏం జరుగుతోందోనని చెవులు రిక్కించేవాణ్ని.

రెండు నెలల తర్వాత పొట్టేళ్ళకు టీకాలు వేయడానికి డాక్టరమ్మ మా ఊరొచ్చింది. బుగ్గలొచ్చిన సన్నమ్మనూ, గాజులు మణికట్టుకు దిగిన జేజినీ చూసి "భలే తేరుకున్నారే, ఏం మేపినావు?" అని నన్ను అడిగింది. నేను గొంతు సవరించుకుని కార్జం దగ్గర మొదలుపెట్టేలోగా జేజి అందుకుంది.

"వాడేం మేపినాడు తల్లీ! వాణ్ని బయటికి తోలితిమి. మేమిద్దరం తేరుకుంటిమి."

ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను, కొంచెం ఏడ్చాను కూడా. డాక్టరమ్మకూ, తిమ్మన్న ఇంటి గిన్నెకూ నేను రుణపడి ఉన్నాను. అందరికన్నా ఎక్కువగా సన్నమ్మకు. నన్ను రక్కి పోయినా, జేజి కోసం అది తిరిగి వచ్చింది. అది రాకపోయి ఉంటే ఈ ముచ్చట నవ్వుతూ చెప్పే భాగ్యం నాకుండేది కాదు.

కాబట్టి మా వాకిట్లోని పొట్టేళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ పిల్లి దవడలోనూ వేలు పెట్టను, ఎవరి గొంతూ నిమరను, తినేవాళ్ళ వైపు కన్నెత్తి చూడను. నమ్మకపోతే మా ఊరొచ్చి చూడండి. ఇదంతా వీధిలో నిలబడే ఫోనులో రాస్తున్నాను. లోపల వాళ్ళిద్దరూ భోంచేస్తున్నారు.