ఓడ రాని శుక్రవారం

మూడేళ్ళ కిందటి జూన్. పోర్ట్ బ్లెయిర్‌లో మా మహిళా కళాశాల అడ్మిషన్ సెక్షన్‌లో నేను సీనియర్ క్లర్కుని. ఇక్కడే చదివి, ఇక్కడే ఉద్యోగం సంపాదించి, ఇక్కడే తల నెరిసినదాన్ని. ఆ ఏడే దరఖాస్తులు మొదటిసారి పోర్టల్‌కి, అంటే ఆన్‌లైన్ పద్ధతికి మారాయి. రాబోయే ఏళ్ళలో మమ్మల్ని ఇంకో కళాశాలతో కలిపేస్తారని, అబ్బాయిలు కూడా వస్తారని మాటలు మొదలయ్యాయి. రెండూ నాకు గిట్టలేదు. ఊరుకునే నోరు కాదు గనక దొరికిన వాళ్ళందరి దగ్గరా రెండింటినీ తిట్టిపోశాను.

అంతకు ముందు మాకొక అలవాటు ఉండేది. అడ్మిషన్ రిజిస్టర్‌లో చివరి పేరు కింద ఎర్ర సిరాతో గీత కొడితే ఆ ఏటికి చేరికలు ముగిసినట్టు. వానాకాలంలో మాత్రం ఆ గీత గడువు తేదీన పడేది కాదు. దూరపు దీవుల అమ్మాయిలు ఓడ మీద రావాలి. సముద్రం బాగోకపోతే ఓడ కదలదు. అందుకని ఆగిన ఓడ వచ్చాకే గీత. ఈ రూలు ఎక్కడా రాసి లేదు. నాకు పని నేర్పిన హెడ్ క్లర్కు చెప్పారు, ఆయనకు ఇంకెవరో చెప్పి ఉంటారు. పోర్టల్‌కి మాత్రం ఎవరూ చెప్పలేదు. శుక్రవారం సాయంత్రం ఐదింటికి అది తాళం వేసుకుంటుంది. ఆలోగా సీటు వచ్చిన అమ్మాయి ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి. దీన్ని వెరిఫికేషన్ అంటాం. అది జరగకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో తర్వాతి పేరుకి పోతుంది.

గురువారం పదకొండింటికి దక్షిణాన దూరపు దీవిలో ఉన్న హట్ బే నుంచి ఫోన్ వచ్చింది. పేరు భవాని. బీకామ్‌లో సీటు వచ్చింది. వాళ్ళది శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకారుల కుటుంబం.

"దీదీ, షిప్ కేన్సిల్ అయిపోనాది. రేపు కూడా లేదంతన్నారు. మౌసమ్ చాలా ఖరాబుగా ఉంది. నా సీటు పోద్దా?"

"రేపు ఐదు దాటితే నా చేతిలో ఏమీ లేదమ్మా. రూలు రూలే," అన్నాను. నా ముందు పెద్ద క్యూ ఉంది, విసుగ్గా ఉంది.

"సరే దీదీ. అయితే అయ్య డింగీలో తెచ్చేత్తానంతన్నాడు. ఇప్పుడు బయల్దేరితే రేపు మజ్జానానికి వచ్చేత్తాం," అంది, బస్సు తప్పితే ఆటో ఎక్కుతానన్నంత తేలిగ్గా.

డింగీ అంటే ఇంజను బిగించిన చిన్న పడవ. ఓడే కదలని సముద్రంలో ఆ పడవ! తండ్రికి ఫోనివ్వమన్నాను.

"సముద్రం మాకు కొత్తేటి మేడమ్?" అన్నాడాయన. "ఆడపిల్లల కాలేజీ అని చెప్పి మాయమ్మని ఒప్పించినాను. రేపు మగపిల్లలొత్తారంట కదా, అప్పుడింక మాయమ్మ పంపనీదు. ఈ ఏడు పోతే దీనికి సదువు నేదు."

"బోటు తియ్యొద్దు. సీటు సంగతి నేను చూస్తాను. నా మాట మీద ఆగండి," అనేశాను.

ఫోను పెట్టాక గానీ తెలియలేదు, నా దగ్గర లేనిదాన్ని ఆయనకి ఇచ్చేశానని. ఆ రోజు అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు.

అప్పుడు నిర్మల గుర్తొచ్చింది. నాతో పాటు ఇక్కడే చదివింది. ఓడ ఆలస్యమై, గడువు దాటాక వచ్చి చేరిన పిల్ల. ఇప్పుడు హట్ బేలో ఒక స్కూలు హెడ్మిస్ట్రెస్.

"ఏమే, ఇన్నాళ్ళకి జ్ఞాపకం వచ్చానా?" అని మొదలుపెట్టి, సంగతి వినగానే గొంతు మార్చింది. "ఆ పిల్ల కాగితాలు నేను చూస్తాను. సంతకం, స్టాంపు వేసి స్కాన్ పంపిస్తాను. షిప్ లేదని జెట్టీలో రాయించుకోవడం కూడా నా పనే. నువ్వు మీ మేడమ్ సంగతి చూసుకో."

మా ప్రిన్సిపాల్ ఉత్తరాది మనిషి, వచ్చి ఏడాది కూడా కాలేదు. సిఫారసులంటే మండిపడతారు. భయపడుతూనే వెళ్ళి అంతా చెప్పాను, నేనిచ్చిన మాటతో సహా. ఆవిడ రూల్స్ కాగితం తీసి మెల్లగా చదివారు. "వెరిఫికేషన్ ఎవరు చెయ్యాలి?" అని హిందీలో అడిగారు.

"నియమించిన అధికారి, మేడమ్."

"నియమించేది కౌన్?"

"మీరే."

"తో ఫిర్? ఇంకేం మరి, ఆర్డర్ టైప్ చేసి తీసుకురా," అన్నారు. ఆ ఒక్క రోజుకి, ఆ ఒక్క ఊరికి నిర్మల అధికారి అయింది.

శుక్రవారం వెయిటింగ్ లిస్టులో మొదటి అమ్మాయి, వాళ్ళ నాన్న ఊరి శివారు బ్రూక్షాబాద్ నుంచి పొద్దున్నే వచ్చి వరండాలో కూర్చున్నారు. హట్ బేలో నెట్ సరిగా లేదు. మూడయింది, నాలుగయింది. స్కాన్ వచ్చేసరికి నాలుగూ ఇరవై. ప్రతి కాగితమూ రెండుసార్లు చూసి బటన్ నొక్కాను. భవాని పేరు పక్కన ఆకుపచ్చ గుర్తు పడింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

వరండాలో ఆ తండ్రి నిలదీశాడు. "రాని పిల్లకి సీటిచ్చి, వచ్చిన పిల్లని పంపేస్తారా దీదీ?" భవానికే మార్కులు ఎక్కువని చెప్పాను. ఆయన వినలేదు. వాళ్ళమ్మాయి ఇంకో కళాశాలలో చేరింది. ఇప్పటికీ గరాచర్మ బస్సులో నన్ను చూస్తే ఆయన మొహం తిప్పుకుంటాడు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అంతే చేసేదాన్ని.

ఫిర్యాదు వెళ్ళింది. సంజాయిషీ అడుగుతూ ప్రిన్సిపాల్‌కి కాగితం వచ్చింది. ఆవిడ జెట్టీ వాళ్ళు రాసిచ్చింది జతచేసి, "ఆ రోజు ఓడ లేదు" అని ఒక్క వాక్యం రాసి పంపారు. నా పేరు ఎక్కడా రానివ్వలేదు. ఆ మరుసటి ఏడు బదిలీ మీద వెళ్ళిపోయారు. హడావిడిలో ఆవిడకి నేను సరిగా కృతజ్ఞత చెప్పలేదు. ఆ లోటు ఇంకా బాధిస్తుంది, అందుకే ఇక్కడ చెబుతున్నాను.

పోయిన ఏడు విలీనం ఖాయమైంది. పాత విద్యార్థినులం సమావేశమయ్యాం. గేటు మీద పేరు పోతుందని ఒకరు, హాస్టల్ ఏమవుతుందోనని ఒకరు, అబ్బాయిలొస్తే చాలా ఇళ్ళలో అమ్మాయిల చదువు ఆపేస్తారని అందరం బెంగపడ్డాం. అందరికంటే ఎక్కువ గొడవ చేసింది నేనే. వీడియో కాల్‌లో ఉన్న నిర్మల చివర్లో ఒక్కమాట అంది: "బోర్డు మీద ఏ పేరైనా రాసుకోనీయండి. షిప్ రాని రోజు ఏం చేస్తారో అది ముందు అడగండి." వినతిపత్రంలో దాన్నే మొదట రాశాం. మిగతా వాటికి జవాబు రాలేదు గానీ, దూరపు దీవుల్లో వెరిఫికేషన్‌కి అక్కడి హెడ్మాస్టర్లే చాలని ఒప్పుకున్నారు.

అబ్బాయిలు కూడా చేరే మొదటి ఏడు ఇదే. ఈ జూన్‌లోనూ సముద్రం బాగోలేదు. గడువుకి ముందు రోజు భవాని ఫోన్ చేసింది. డిగ్రీ పూర్తి చేసి ఇంటికెళ్ళిన ఆ పిల్ల ఇప్పుడు నిర్మలకి అడ్మిషన్ పనిలో సాయం చేస్తోంది.

"దీదీ, షిప్ లేదు. ఇక్కడ ముగ్గురు అమ్మాయిలు, ఒక అబ్బాయి ఉన్నారు. నిర్మల టీచర్ అందరి కాగితాలూ చూసేసినారు. అబ్బాయివి కూడా..." అని ఆగింది. నా నోటి సంగతి దానికి బాగా తెలుసు.

దూరం నుంచి రావాల్సినవాళ్ళు ఇంకా ఉన్నారేమో చూసుకున్నాకే తలుపు వెయ్యాలని ఈ ఉద్యోగం నాకు నేర్పింది. ఆ వచ్చేవాళ్ళలో అమ్మాయిలు మాత్రమే ఉండాలని నేర్పలేదు, అది నేను కలుపుకున్నది.

"పంపించమ్మా," అన్నాను. "వాడికీ ఓడ రాలేదు కదా."