వెళ్ళొచ్చా అని అడగని గట్టు

ట్రెక్కింగంటే కొండలెక్కడమే అనేవాళ్ళతో నాకు పడదు. కిందటేడాది ఓ పేరున్న కొండదారికి వెళితే, పైన సెల్ఫీ కోసం నలభై నిమిషాలు వరసలో నిలబెట్టారు. ఒళ్ళు మండి దిగొచ్చేశాను. "ఇన్ని కాలవ గట్లున్న కోనసీమలో నడవడానికి చోటు లేదా?" అని మా కొత్తపేట ఆఫీసులో అంటే అందరూ నవ్వారు. గట్ల మీద గేదెలు నడుస్తాయట! సరే, గేదెల వెనకే నడుస్తానని ఆదివారం బయలుదేరాను.

అమలాపురంలో ఆరుంబావు బస్సెక్కితే ఏడు లోపే ముమ్మిడివరం. అక్కడ పెసరట్టు తిని, సముద్రం వైపు వెళ్ళే షేరాటో ఎక్కాను. మనిషికి ముప్పై రూపాయలు. కాలవ వంతెన దగ్గర ఆపమంటే డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు.

"రిసార్టు ఇంకా ముందరుందండీ. ఇక్కడేముందండీ చూడ్డానికి?"

"ఏమీ లేదనే వచ్చానండీ."

"ఆయ్," అన్నాడు, నా వాలకం నచ్చనట్టు.

వంతెన నుంచి తూర్పుగా ఆరు కిలోమీటర్ల గట్టు. ఎడమ పక్క కొబ్బరితోటలు, కుడి పక్క కాలవ. గంటసేపు ఒక్క మనిషి ఎదురుపడలేదు. ఎంత హాయో చెప్పలేను! కొబ్బరి దుంగ వేసిన పిల్లకాలవ దాటుతుంటే గొడుగుతో ఒకావిడ కలిశారు. మార్తమ్మగారు, రిటైరైన టీచరు. చర్చికి వెళుతున్నారు.

"గట్టు మీదైతే పావుగంటండీ. రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు. ఈ మోకాళ్ళతో అయ్యే పనేనా?"

కాస్త దూరం పోయాక గట్టుకు అడ్డంగా ఇనప గేటు. తోటల్లో కొంత కొట్టేసి రొయ్యల చెరువు తవ్వినాయన పెట్టించాడట. తాళం లేదు గానీ, పక్కన కుర్చీలో వాచ్‌మన్ ఉన్నాడు. మార్తమ్మగారు ఆగిపోయారు.

"తప్పు మాదేనండీ. ఇది గవర్నమెంటు గట్టు. అయినా గేటు కనపడగానే మా మర్యాద అడ్డొచ్చింది. 'వెళ్ళొచ్చాండీ' అని అడగడం మొదలెట్టేం. చెరువు ఓనరుగారూ 'ఆయ్, వెళ్ళండి' అనేవారు. ఆర్నెల్లు అలాగే అడిగేం. ఇప్పుడేమంటున్నారో తెలుసా? 'నేను ఒప్పుకుంటేనే నడుస్తున్నారు, కాబట్టి దారి నాదే' అంటున్నారు. వచ్చే వారం నించి తాళమేనట."

నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. అయినా వాచ్‌మన్ లేచి "ఎక్కడికండీ?" అనగానే, సిగ్గు లేకుండా నా నోట్లోనూ 'వెళ్ళొచ్చాండీ' అన్నమాటే మెదిలింది. మింగేశాను.

"నమస్కారమండీ. చర్చి వైపు," అని గేటు తోశాను.

"అయ్యో, ఓనరుగారికి చెప్పాలండీ."

"చెప్పండి. కొత్తపేటావిడ గవర్నమెంటు గట్టు మీద నడిచిందని చెప్పండి. వచ్చే ఆదివారం ఇంకో పదిమందితో వస్తుందని కూడా చెప్పండి."

మార్తమ్మగారు ఒక్క క్షణం తటపటాయించారు. తరవాత గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, వాచ్‌మన్‌కి నమస్కారం పెట్టి, ఒక్క మాటా అడక్కుండా దాటేశారు. అతను పాపం ఏం చేస్తాడు! "అవతల బురదగా ఉందండీ, జాగ్రత్తండమ్మా" అని వెనకనుంచి కేకేశాడు.

ఆవిణ్ణి చర్చి దగ్గర వదిలి, మిగతా గట్టు ఒక్కదాన్నే నడిచి పదిన్నరకి అవతలి రోడ్డెక్కాను. తిరుగు ఆటోలు అక్కడే దొరుకుతాయి. జనం లేని దారులు కావాలని ఇన్నాళ్ళూ నేనే గొడవ చేశాను. ఈ దారికి మాత్రం జనం కావాలి. నా ఏకాంతం కాస్త తగ్గితే తగ్గనీ, మార్తమ్మగారు నాలుగు కిలోమీటర్లు చుట్టు తిరగడానికి నేనొప్పుకోను. ఆఫీసులో నవ్విన వాళ్ళలో ఆరుగురిని ఇప్పటికే ఒప్పించాను.

మీరూ వస్తే ఒక్క సలహా: గేటు దగ్గర వాచ్‌మన్‌కి మనసారా నమస్కారం పెట్టండి. వెళ్ళొచ్చా అని మాత్రం అడక్కండి.