అయిపోయిందక్క

కాలేజీ వైద్యశాలలో కట్లు కట్టే ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండేది. హాజరు వేసుకునేటప్పుడు తప్ప దానితో ఎవరికీ పని పడేది కాదు. పిల్లలందరికీ ఆవిడ అయిపోయిందక్క.

ఆ పేరు ఊరికే రాలేదు. సూది గుచ్చకముందే "అయిపోయింది, అయిపోయింది" అనేది. మోకాలికి అతుక్కుపోయిన దూదిని తడిపి ఊడదీస్తూ అనేది. పాదంలోంచి గాజుపెంకు లాగుతూ అనేది. ఒక్కోసారి సూది ఇంకా డబ్బాలోనే ఉండేది.

"అక్కా, ఇంకా మొదలే పెట్టలేదు కదా!"

"మొదలుపెడితే ఏడుస్తావని ముందే ముగించేశా. నువ్వు అటు తిరిగి ఆ గోడమీది బల్లిని చూడు."

బల్లిని చూసేలోగా పని నిజంగానే అయిపోయేది. ఒకసారి కొత్తగా చేరిన కుర్రాడొకడు తలుపు దగ్గర నిలబడి, "అయిపోయిందక్క ఉన్నారా?" అని అడిగితే, కాపలాదారు తాత, "ఆవిడకేం కాలేదు బాబూ, నిక్షేపంగా ఉంది, లోపల టీ తాగుతోంది" అన్నాడట. అది చెప్పుకుని అందరికంటే ఎక్కువ నవ్వింది అక్కే.

భక్తిగల మనిషి. పొద్దున్నే తాళం తీసి, మందుల బీరువా ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, "స్వామీ, ఈ చేతిలో నొప్పి కాస్త తక్కువ పెట్టు" అనుకునేది. తరవాత చీపురు పట్టేది. వైద్యశాల వెనకే రెండు గదుల ఇల్లు. అన్నావదినలు రోడ్లు వేసే పనిమీద ఊళ్ళు తిరుగుతుండటంతో, వాళ్ళ కూతురు చిన్నప్పటినుంచీ అక్క దగ్గరే పెరిగి, అదే కాలేజీలో ఆఖరి సంవత్సరానికి వచ్చింది. ఆ పిల్లకు పరుగు పిచ్చి. తెల్లవారకముందే లేచి, అత్త నిద్ర చెడగొట్టకూడదని బూట్లు చేత్తో పట్టుకుని గుమ్మం దాటేది. అత్త మాత్రం ఎప్పుడో మేలుకుని, నిద్రపోతున్నట్టు పడుకుని ఉండేది. పిల్ల అంత జాగ్రత్తగా అడుగులు వేస్తుంటే, ఆ జాగ్రత్తను వృథా చెయ్యబుద్ధి కాక.

ఆ ఏడు ప్రాంతీయ క్రాస్ కంట్రీ పోటీలు వాళ్ళ కాలేజీలోనే జరిగాయి. క్రాస్ కంట్రీ అంటే చదునైన మైదానంలో గుండ్రంగా తిరిగే పరుగు కాదు. గట్లూ గుట్టలూ బురదా రాళ్ళూ దాటి, తోటల వెనకగా పోయి రావాలి. మొదటి ఆరుగురు అమ్మాయిలకు పెద్ద పోటీలకు వెళ్ళే వీలుంటుంది. ఏడో అమ్మాయికి చప్పట్లే. మేనకోడలు ఇంతకుముందు రెండుసార్లు ఆ చప్పట్లు తిని వచ్చింది.

"ఈసారి రాకపోతే ఇంకోసారి లేదత్తా" అంది ముందురోజు, కాలికి నూనె రాయించుకుంటూ.

"వస్తావులే. ఆ దేవుడు నీ బూట్లు అరిగిపోవడం చూడలేదంటావా?"

అక్కకు ఆఖరి మలుపు దగ్గర ప్రథమ చికిత్స గుడారం అప్పజెప్పారు. తెల్లటి గుడారం. జనం దారికి అడ్డం రాకుండా రెండు పక్కలా తెల్లటి పట్టీ కట్టారు. బల్లమీద నీళ్ళ గ్లాసులు, తుండుగుడ్డలు. అక్క భుజానికి ఎర్ర గుర్తున్న పట్టీ. ఆ మలుపు దాటాక ఒక గుట్ట ఎక్కి దిగితే గానీ అసలు గమ్యం రాదు. గుట్ట అడ్డం ఉండటంతో అక్కడి జెండాలు ఇక్కడికి కనిపించవు.

ముందు ఒకరి వెనక ఒకరుగా ఐదుగురు దాటిపోయారు. ఎవరికీ ఏమీ అవసరం రాలేదు. ఆరో అమ్మాయి వేరే ఊరి కాలేజీ పిల్ల, జడకు ఎర్ర రిబ్బను. ఆ పిల్ల మలుపు తిరగడంతోనే అక్క తుండుగుడ్డ అందుకుంది. మొహంలో నెత్తురు లేదు. నోరు తెరుచుకుని ఉంది. ఒక కాలు ఎక్కడ పడుతోందో ఇంకో కాలికి తెలియనట్టు వస్తోంది. మూర్ఛపోయే పిల్లల్ని అక్క చాలామందిని చూసింది. ఆలోచించే అలవాటు ఆ చేతులకు లేదు. రెండూ చాచి ముందుకెళ్ళింది.

"అయిపోయిందమ్మా... అయిపోయింది, అయిపోయింది!"

పిల్ల ఆగిపోయింది. వచ్చి ఆ చేతుల్లో వాలిపోయింది. "అయిపోయిందా ఆంటీ?" అని నవ్వింది కూడా. అక్క తుండుగుడ్డతో మొహం తుడుస్తూ, వీపు నిమురుతూ, ఆ ఎర్ర రిబ్బను మీదుగా తలెత్తి చూసింది. మేనకోడలు మలుపు తిరుగుతోంది. పళ్ళు బిగించి, ఎటూ చూడకుండా, పట్టీ పక్కనుంచి దూసుకుపోయింది.

"ఏయ్, ఇంకా ఉంది! గుట్ట దాటాలి! పరుగెత్తు!" అని జనంలోంచి ఎవరో అరిచారు.

ఆ పిల్ల అక్క మొహంలోకి చూసింది. కోపంగా కాదు, అర్థంకాక. చేతులు విడిపించుకుని పరుగెత్తింది. కానీ ఒకసారి ఆగిన కాళ్ళు మళ్ళీ మాట వినలేదు. మేనకోడలు ఆరు, ఆ పిల్ల ఏడు.

మైదానంలో డ్రిల్లు మాస్టారు మేనకోడల్ని భుజాలు పట్టి ఊపేస్తున్నాడు. తోటమాలి తన టోపీ తీసి పైకెగరేశాడు. అక్క గుంపు చివర నిలబడింది. మేనకోడలే వెతుక్కుంటూ వచ్చి మెడకు చుట్టుకుంది.

"చూశావా అత్తా! అసలు అక్కడ నాక్కూడా ప్రాణం పోయిందనుకో. నీ గొంతు వినపడింది. నువ్వు అయిపోయింది అన్నావంటే ఇంకా బోలెడుందని నాకు చిన్నప్పట్నించీ తెలుసు కదా! దాంతో ఇంకాస్త గట్టిగా పరిగెత్తా."

పిల్ల నవ్వుతోంది. అక్కకు నవ్వు రాలేదు. ఆ మాటకు అసలు అర్థం ఇంట్లోవాళ్ళకు తెలుసు, కాలేజీ అంతటికీ తెలుసు. వేరే ఊరినుంచి వచ్చిన పిల్లకు ఎలా తెలుస్తుంది? తెల్ల గుడారం, తెల్ల పట్టీ, భుజాన గుర్తున్న పెద్దావిడ చేతులు చాచి అయిపోయిందంటే, అయిపోయిందనే అనుకుంటుంది.

"ఆ పిల్ల నా మాట విని ఆగిందే" అంది.

మేనకోడలి చేతులు మెడమీంచి జారాయి. "అయితే? నేను పరిగెత్తలేదా? కూర్చుని వచ్చానా ఆరు?"

"నువ్వు పరిగెత్తావమ్మా. నిన్నెవరన్నారు?"

"అయితే ఆ మొహమేంటి అలాగ?" అని పిల్ల విసురుగా వెళ్ళిపోయింది.

అక్క వైద్యశాలకు వచ్చేసరికి ఎర్ర రిబ్బను పిల్ల అక్కడే బెంచీమీద కూర్చుని ఉంది. మడమ తోలు ఊడి బూటంతా నెత్తురు. అక్కను చూసి లేవబోయింది.

"కూర్చో తల్లీ, కూర్చో."

అక్క ఆ మడమ కడగసాగింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆవిడ నోట "అయిపోయింది" రాలేదు. మందు చురుక్కుమని పిల్ల పెదవి కొరుక్కుంది.

"గుడారం దగ్గర మీరే కదా ఆంటీ?"

"నేనేనమ్మా. ఆ పాపం నాదే."

"అయ్యో, పాపమేంటండీ! నేనే పిచ్చిదాన్ని. జెండాలేవీ అని చూసుకోవద్దూ? మా సార్‌కి కాలు పట్టేసిందని చెప్పా. మీరు మాత్రం చెప్పకండి. దారిలో ఎవరో ఏదో అంటే ఆగిపోయావా అని నలుగుర్లో తిడతారు." మడమకేసి చూసుకుంటూ, "మీరు పట్టుకోకపోతే పడేదాన్నే ఏమో కూడా" అంది.

ఇంత చిన్న పిల్ల తనను ఓదారుస్తోంది. అక్కకు తల ఎత్తబుద్ధి కాలేదు. కట్టు ముడివేసి, పిల్ల కుంటుకుంటూ వెళ్ళాక, బీరువా ముందు కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకుంటే కనిపించింది ఒక్కటే: ఆ పిల్ల భుజంమీదుగా మేనకోడలు దాటిపోవడం. అప్పటికే తెలుసు, పిల్లను వదిలెయ్యాలని. చేతులు మాత్రం తియ్యలేదు. ఎందుకు తియ్యలేదు? పడిపోతుందని భయమా? లేక మన పిల్ల దాటనీ అనా? దేవుడి ముందైనా ఆవిడ ఒకటి తేల్చి చెప్పలేకపోయింది.

ఫలితాల మీద ఇంకా సంతకం కాలేదు. పెద్ద రిఫరీ మైదానం పక్క గదిలో అన్నం తినబోతున్నాడు. అక్క గుమ్మంలోనే నిలబడి చెప్పింది. మాట జారడం చెప్పింది, ఆరుగా వచ్చింది తన మేనకోడలని చెప్పింది. చెయ్యి కడుక్కోవడానికి లేచిన ఆయన అది విని మళ్ళీ కూర్చున్నాడు.

"కావాలని ఆపావా అమ్మా?"

"మాట అలవాటులో వచ్చిందండీ. కానీ మా పిల్ల దాటడం చూశాను. చూశాక కూడా చేతులు తియ్యలేదు."

"అదే అడుగుతున్నా. అది కావాలనా?"

"తెలీదండీ."

"నీకే తెలియనిదాన్ని నేనేమని రాసుకోనమ్మా?" అన్నాడాయన మెత్తగానే. రెండు కాలేజీల మాస్టార్లనూ, ఇద్దరమ్మాయిలనూ పిలిపించాడు. దారి చూపే పని ప్రథమ చికిత్స వాళ్ళది కాదు, ఎక్కడ ఎటు తిరగాలో, ఎంత దూరమో పొద్దున అందరికీ చూపించాం, కాబట్టి వచ్చిన వరసే వరస అని చెప్పాడు. ఎర్ర రిబ్బను పిల్లను అడిగాడు, "నువ్వేమైనా చెప్పుకోవాలా?"

"లేదు సార్. కాలు పట్టేసింది."

అబద్ధమని గదిలో అందరికీ తెలుసు. వాళ్ళ సార్‌కు ఒళ్ళు మండిపోయింది. గుమ్మం దాటగానే మొదలుపెట్టాడు. "నెలల తరబడి నీ వెనక పరిగెత్తింది ఇందుకేనా? గమ్యం ఎక్కడుందో తెలియని పిల్లకి పరుగెందుకు? ఎవరో రమ్మంటే వెళ్ళి ఒళ్ళో కూర్చున్నావా?" అందరూ చూస్తుండగానే తిట్టాడు. పిల్ల తల వంచుకుని బూటు ముందుభాగంతో మట్టి గీస్తూ నిలబడింది.

చెప్పొద్దని పిల్ల బతిమాలింది ఇందుకే కదా. అక్క చెప్పేసి తన బరువు తను దించుకుంది, ఆ బరువు తీసుకెళ్ళి ఆ పిల్ల నెత్తిన పెట్టింది. అడ్డం వెళ్ళి, "తప్పు నాదండీ, నన్ననండి" అంది. "మిమ్మల్నని ఏం లాభం, వెళ్ళండమ్మా" అన్నాడాయన, చూడకుండానే.

మేనకోడలు కొంత దూరంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. అత్త వైపు చూడలేదు. "నన్నడక్కుండా చెప్పేశావు" అంది, నేలతో చెప్పినట్టు.

"అడిగితే వద్దంటావని భయపడ్డా."

"అంటానేమో. అడిగుండాల్సింది."

అదీ నిజమే.

మధ్యాహ్నం దాటాక, బయటి ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళ బస్సులు ఒక్కొక్కటే కదలసాగాయి. అక్క దూరంగా, సైకిళ్ళు నిలిపే రేకుల కింద నిలబడింది. దగ్గరికెళ్ళడానికి మొహం చెల్లలేదు. ఎర్ర రిబ్బను పిల్ల కుంటుకుంటూ బస్సు మెట్టు ఎక్కబోతుంటే, సంచీ అందుకోవడానికి ఎవరో ముందుకు వెళ్ళారు. చూస్తే మేనకోడలు. సంచీ లోపల పెట్టి, కిటికీ దగ్గర నిలబడి ఏదో మాట్లాడింది. లోపలి పిల్ల కూడా ఏదో అంది. ఇద్దరూ నవ్వలేదు. కానీ మేనకోడలు త్వరగా అక్కణ్ణుంచి కదలనూ లేదు.

తరవాత మేనకోడలు రేకుల దగ్గరికి వచ్చింది. "అడిగుండాల్సింది" అన్నాక అత్తతో మాట్లాడటం అదే మొదలు.

"తనకింకా ఒక ఏడాది ఉందట. మళ్ళీ వస్తానంది."

"నన్ను తిట్టిందా?"

"తిట్టలేదు." పిల్ల బస్సు వైపు చెయ్యి చూపించింది. "నువ్వు కట్టిన కట్టు ఎప్పుడు విప్పాలో కనుక్కోమంది. నాకు తెలీదు, నువ్వే వెళ్ళి చెప్పు."

బస్సు కదలడానికి సిద్ధంగా మోత చేస్తోంది. అక్క కాలి చెప్పు జారిపోయినా ఆగకుండా వెళ్ళింది. పైన కిటికీలోంచి పిల్ల తల బయటికి పెట్టింది. ఓదార్పు మాటలు అలవాటుగా అక్క నాలుక చివరికి వచ్చాయి. వాటిని మింగేసింది.

"ఎల్లుండి విప్పమ్మా! అంతవరకూ తడపొద్దు! విప్పేటప్పుడు నొప్పి పుడుతుంది, బాగానే పుడుతుంది. అతుక్కుంటే లాగకు, గోరువెచ్చని నీళ్ళు పొయ్యి!"

మోతలో ఎంత వినపడిందో తెలియలేదు. పిల్ల చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎల్లుండేనా ఆంటీ?"

"ఎల్లుండే!"

పిల్ల తల ఊపింది. బస్సు మలుపు తిరిగేదాకా అక్క అక్కడే నిలబడింది. వెనకనుంచి మేనకోడలు జారిపోయిన చెప్పు తెచ్చి ఆవిడ కాలి దగ్గర పెట్టింది.